కేక విన్నవాళ్ళు

గార్త్ ఇనుప కవచానికి పట్టిన తుప్పు వదిలించడం ఏటా కార్మెల్ నెత్తిన పడే పని. గోనెసంచిలో కవచం కుక్కి, దోసిళ్ళకొద్దీ ఇసక పోసి, కాస్త వెనిగర్ చిలకరించి, మూతి బిగించి కట్టి, సంచిని ఒళ్ళో పెట్టుకుని ఊపాలి. ఊపుతూనే ఉండాలి. కవచమంటే రేకు కాదు, చిన్న చిన్న ఇనుప రింగుల్ని ఒకదాన్లో ఒకటి గుచ్చి అల్లిన పొడుగు చొక్కా. ఎదిగిన గొర్రెపిల్లంత బరువుంటుంది. పెరటి వరండాలో కూర్చుని ఆమె ఊపుతుంటే ఆ గరగర వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ చప్పుడు చెవిన పడగానే టారెల్గా అనే ఆ చిన్న ఊరి జనం, "అయితే సంత దగ్గరపడిందన్నమాట" అనుకుంటారు. ఆ ఇంట్లోంచి వినాల్సినవి ఇంకా చాలానే ఉన్నాయి గానీ, జనానికి వినబడేది మాత్రం ఇదొక్కటే.

ఈసారి గరగర మధ్యమధ్యలో ఆగిపోతోంది. ఆమె కుడి మణికట్టు వాచిపోయి ఉంది. ఎడం చేత్తో ఊపితే ఇసక ఒక పక్కకే చేరుతోంది. పక్కింటి డెస్, జన్మంతా గొర్రెల లారీ తోలి రిటైరైనవాడు, కంచె మీద మోచేతులు ఆనించి కాసేపు చూశాడు.

"చేత్తో ఏం ఊపుతావమ్మా కార్మెల్, నా సిమెంటు కలిపే మిషన్లో పడెయ్. నువ్వు టీ తాగొచ్చేలోపు అద్దంలా ఉంటుంది" అన్నాడు.

గార్త్ బీరు డబ్బాతో బయటికొచ్చాడు. "మిషన్లో వేస్తే రింగులరిగిపోతాయి మేట్. మా ఆవిడ చేత్తో చేస్తేనే దానికా కళ" అన్నాడు నవ్వుతూ, ఆమె భుజం మీద చెయ్యేసి. ఆ చేతి బరువు చూసేవాళ్ళకి ప్రేమలాగే ఉంటుంది. డెస్ కళ్ళు ఒకసారి ఆమె మణికట్టు మీదికి పోయి, అక్కణ్ణుంచి మంచుకి మాడిన టొమాటో మొక్కల మీదికి పోయాయి. "చలి ముదిరింది, వస్తా మరి" అని లోపలికెళ్ళిపోయాడు.

గార్త్ గొర్రెల యార్డులో వేలం వేసే మనిషి. చుట్టుపక్కల రైతులందరికీ ఆ గొంతు తెలుసు. ఏ పొట్టేలు మీద ఏ జోకు వేయాలో, ఏ ముసలామెని ఏ వరసతో పలకరించాలో అతని తర్వాతే ఎవరైనా. సంత కమిటీకి అతనే ప్రెసిడెంటు. చలి మొదలయ్యే రోజుల్లో ఒక శనివారం ఊరు ఊరంతా ఏడువందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు మనుషుల్లా వేషాలు కట్టి మైదానంలో చేరుతుంది. ఆ రోజు గార్త్ షెరీఫు, అంటే దొంగల్ని పట్టి తగువులు తీర్చే పెద్ద అధికారి. కవచం తొడిగి గుర్రమెక్కాడంటే కాటికి కాళ్ళు చాచిన ముసలమ్మలు కూడా మురిసిపోతారు. పైన పటారం, లోన లొటారం అంటారు మనవాళ్ళు. ఆ లొటారమేమిటో ఎరిగిన మనిషి పెరట్లో కూర్చుని తుప్పు వదిలిస్తోంది.

మణికట్టు సంగతి పోయిన ఆదివారం నాటిది. కమిటీ మిత్రుల్ని భోజనానికి పిలిచి, పెరట్లో మాంసం కాలుస్తూ గార్త్ కబుర్లు మొదలెట్టాడు. "ఆ రోజుల్లో కవచం ఎంత బరువంటే, వీరుణ్ణి గుర్రమెక్కించడానికి కప్పీ కట్టి తాళ్ళతో లాగేవాళ్ళు" అన్నాడు. సలాడ్ కలుపుతున్న కార్మెల్, "అది కట్టుకథ గార్త్. కవచంతోనే పరిగెత్తేవాళ్ళు, పిల్లిమొగ్గలు కూడా వేసేవాళ్ళు" అంది. ఏటా యూనివర్సిటీలో మొదటిరోజు క్లాసులో పిల్లలకి చెప్పే మాటే. అలవాటుగా నోరు అనేసింది. మిత్రులు ఘొల్లుమన్నారు. "ప్రొఫెసరమ్మ ముందు నీ వేలంపాట సాగదురోయ్" అన్నాడొకడు. అందరికంటే గట్టిగా గార్త్ నవ్వాడు. ఆ నవ్వు ఎలాంటిదో ఆమెకి తెలుసు. తర్వాత ఎవరేం తిన్నారో, ఏం మాట్లాడారో ఆమెకి గుర్తులేదు. వాళ్ళు ఇంకొంచెంసేపు ఉంటే బాగుండునని మాత్రం మాటిమాటికీ కాఫీ పోసింది.

వాళ్ళ కార్లు మలుపు తిరిగాయో లేదో, గొంతు పట్టుకుని ఫ్రిజ్ తలుపుకేసి అదిమాడు. "పిల్లిమొగ్గలేస్తారా? ఏదీ, ఒకటెయ్యవే చూద్దాం" అన్నాడు. గొంతు పెంచలేదు. వేలంలో చివరి పాట దగ్గర గొంతు తగ్గించినట్టే తగ్గించాడు. ఆమె మునివేళ్ళు నేలని వెతుక్కుంటున్నాయి. ఫ్రిజ్ మీద అంటించిన అయస్కాంతం బొమ్మలు టపటపా రాలాయి. కళ్ళ ముందు నల్లగా కమ్ముకొస్తుంటే అతని వేళ్ళు ఊడదీయబోయింది. ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి మెలిపెట్టాడు. లోపలెక్కడో ఎండుపుల్ల విరిగినట్టయింది. గొంతు వదిలిన ఆ క్షణంలో ఒకే ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపుకి రెండు వైపుల నుంచీ జవాబొచ్చింది. కుడిపక్క డెస్ షెడ్డులో గడ్డి కోసే మిషను స్టార్టయింది. ఎడంపక్క అత్తగారు నోలా ఇంట్లో టీవీ సౌండు పెరిగింది. గార్త్ చేతులు కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు. ఆమె నేల మీద కూర్చుని బొమ్మలన్నీ ఏరింది. ఎవరో ఒకరు ఏరాలిగా, ఇల్లన్నాక.

మర్నాడు నోలా నారింజ జామ్ సీసా ఒకటి పట్టుకుని వచ్చింది. ఎప్పుడూ అంతే. టీవీ గట్టిగా మోగిన మర్నాడు జామ్ సీసా వస్తుంది. కార్మెల్ వంటింటి అలమర నిండా ఆ సీసాలే. "వాడు వాళ్ళ నాన్న పోలిక అమ్మాయ్. కోపం వర్షంలాంటిది, వస్తుంది, పోతుంది. ఎదురు మాట్లాడకపోతే తొందరగా పోతుంది" అంది నోలా, మెడకి చుట్టిన స్కార్ఫు కేసి చూడకుండా. "నువ్వు చదువుకున్నదానివే, కాదన్లేదు. ఆ చదువేదో కాలేజీలో చూపించుకో. ఇంటి గుట్టు గడప దాటకూడదు" అంది. పెళ్ళయిన కొత్తల్లో ఇలాంటి మాటలకి కార్మెల్ ఏడ్చేది. ఇప్పుడు సీసా అందుకుని థాంక్స్ చెబుతుంది.

ఊళ్ళో ఉన్న చిన్న యూనివర్సిటీలో మధ్యయుగాల చరిత్ర చెప్పేది ఆమె ఒక్కతే. రైలు పట్టాలు బాగుచేసే కూలీ కూతురు. చిన్నప్పుడు బడి లైబ్రరీలో ఒక కోట బొమ్మ చూసి, కోటలో రాజెవరో అనే కంటే ముందు, ఆ రాజు గిన్నెలు తోమింది ఎవరబ్బా అనుకున్న పిల్ల. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని స్కాలర్‌షిప్పుల మీద చదివి, ఇంగ్లండు వెళ్ళి, పాత ఊళ్ళ పంచాయితీ రికార్డుల్లో తలదూర్చి పుస్తకం రాసి వచ్చింది. వచ్చి ఇక్కడ పడింది. శాఖాధిపతి లిండ్సే మీటింగ్ ఎప్పుడు పెట్టినా కేకులు తెచ్చేది ఆమే, కప్పులు కడిగేది ఆమే. "నీ సబ్జెక్టులో పిల్లలెందరున్నారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. సంత పుణ్యమా అని నీ పోస్టు నిలబడింది. గార్త్‌కి నా నమస్కారాలు చెప్పు" అంటాడు. మొన్న స్కార్ఫు చూసి, "నీకు స్కార్ఫులు భలే నప్పుతాయి" అన్నాడు కూడా. అంటే ఆమె పుస్తకం కాదు, ఆమె పాఠం కాదు, ఆమె మొగుడు గుర్రమెక్కడం వల్ల ఆమె జీతం నడుస్తోంది. ఈ మాట ఎన్నేళ్ళుగా మోస్తోందో. నోరు తెరిస్తే ఇల్లు పోతుంది, ఉద్యోగం పోతుంది, ఆ పైన అందరూ అనే మాట ఒకటుంటుంది, "గార్త్ అలాంటివాడా? ఛ." అసలు ఆమెకి భయం దెబ్బకంటే ఆ 'ఛ' అంటేనే. అరిచాక ఎవరూ రాకపోతే, ఇక అరవడమనేది కూడా మిగలదు.

దేవుడి వేళాకోళం చూడండి, ఆమె పుస్తకం రాసింది సరిగ్గా దాని గురించే. శుక్రవారం క్లాసులో చెప్పిందీ అదే పాఠం.

"అప్పట్లో పోలీసుల్లేరు. ఎవరి మీదైనా దాడి జరిగితే వాళ్ళు గట్టిగా కేక పెట్టాలి, 'బయటికి రండి, బయటికి రండి' అని. ఆ కేక చెవిన పడ్డ ప్రతివాళ్ళూ చేతిలో ఏముంటే అది పట్టుకుని రావాలి. పారో, గరిటో, చీపురో. రావడం మంచితనం కాదు, చట్టం. కేక పెట్టిన మనిషి తాజా గాయం నలుగురికీ చూపించి, కొట్టినవాడి పేరు చెప్పాలి. విని కూడా రానివాళ్ళని పంచాయితీలో నిలబెట్టి జరిమానా వేసేవాళ్ళు."

"మొగుడు కొట్టినా కేక పెట్టొచ్చా?" అని అడిగింది ముందు బెంచీలోని అమ్మాయి.

"పెట్టినవాళ్ళున్నారు. నేను చదివిన ఊళ్ళో అవీస్ అని ఒకామె ఉంది. బీరు కాచి అమ్ముకునేది. మొగుడి మీద రెండుసార్లు కేక పెట్టింది. ఊరి పెద్దమనుషులు పన్నెండుమంది కూర్చుని, అనవసరంగా కేక పెట్టిందని రెండుసార్లూ ఆమెకే జరిమానా వేశారు."

"మూడోసారి?"

కార్మెల్ బోర్డు తుడిచింది. "శవాన్ని మొదట చూసినవాళ్ళు కూడా కేక పెట్టాలని చట్టం. మూడో కేక పక్కింటామె పెట్టింది" అంది. ఆ మాట ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. ఈసారి మాత్రం చెప్పాక బల్ల పట్టుకుని నిలబడింది. నా మీద మూడో కేక ఎవరు పెడతారు, డెస్ పెడతాడా, నోలా పెడుతుందా, అనుకుంది. టీవీ ఆపి పెట్టాలి మరి.

శనివారం పొద్దున్నే సన్నటి తుప్పర. కవచం తొడిగి, వెనకాల మెడ దగ్గర నుంచి నడుం దాకా తోలుతాళ్ళు బిగించి ముడులేయడం కూడా ఆమె పనే. ఆ ముడులు తొడుక్కున్నవాడి చేతికి అందవు. ఎవరో ఒకరు వెనక నిలబడి కట్టాలి, ఎవరో ఒకరు వెనక నిలబడి విప్పాలి. విరిగిన మణికట్టుతో, పళ్ళతో తాడు లాగి కట్టింది. పైన పొట్టేలు తల బొమ్మ వేసిన తెల్లటి బట్ట తొడిగింది. తర్వాత తను తయారైంది. ఏడాదిలో ఈ ఒక్క రోజంటే ఆమెకి ప్రాణం. ఆ కాలం ఆడవాళ్ళు తలచుట్టూ, గడ్డం కింద, మెడ నిండా తెల్లబట్ట చుట్టి పిన్నులు గుచ్చుకునేవాళ్ళు. ఆ ముసుగులో ఏ మరకైనా మాయం. మిగతా రోజుల్లో స్కార్ఫు జారుతుందేమోనని ప్రాణం పీక్కుపోతుంది. ఈ రోజు ఆ బెంగ ఉండదు. మైదానానికొచ్చిన ఆడవాళ్ళందరి మెడలూ కప్పే ఉంటాయి.

మధ్యాహ్నానికి తుప్పర గార్త్ కొంప ముంచింది. ఊపడం చేతకాక వీపు వైపు వదిలేసిన తుప్పు, తడికి తెల్లబట్టలోకి దిగి, నడుం కింద ఎర్రగా పెద్ద మరక కట్టింది. బీరు డేరాలో మిత్రులు చూశారు. "షెరీఫుగారు గుడ్డలో కానిచ్చేశారురోయ్" అన్నాడొకడు. డేరా అంతా విరగబడి నవ్వింది. గార్త్ కూడా నవ్వాడు. నవ్వుతూనే డేరా వెనక్కొచ్చి, గుర్రాల బండి పక్కన మైకు తీగలు సర్దుతున్న కార్మెల్ ముసుగు పట్టుకుని బండి చాటుకి లాగాడు.

"ఏడాదికి ఒక్క పని. ఒక్క పని చెప్తే చెయ్యలేవా ముండా" అని, ఇనుప రింగుల చేతితొడుగు ఉన్న చేత్తోనే మొహం మీద కొట్టాడు. పెదవి పంటికీ ఇనుముకీ మధ్య చితికింది. రెండోది చెవి మీద. మూడోది ఎక్కడ తగిలిందో తెలీలేదు, గుర్రం కాళ్ళ దగ్గర బురదలో ఉంది. గుర్రం బెదిరి గిట్టలు తాటించింది. "లేచి మొహం కడుక్కుని నీ ఆట ఆడు. అందరూ చూస్తున్నారు" అని బట్ట సర్దుకుని వెళ్ళాడు.

అవతల మైకులో ఆమె పేరు పిలుస్తున్నారు. ఆ ఆట ఆమె కనిపెట్టిందే. ఏటా ఒక విద్యార్థి దొంగ వేషం వేస్తాడు, ఇంకొకరు 'బయటికి రండి' అని కేక పెడతారు, అంగళ్ళలో ఉన్న జనమంతా గరిటెలూ చీపుళ్ళూ పట్టుకుని దొంగ వెంట పడతారు. షెరీఫు ముందుండి తరుముతాడు. ఆఖర్న గడ్డిమోపుల మీద కూర్చుని కార్మెల్ పంచాయితీ చేస్తుంది, జనం 'దోషి, దోషి' అని గోల పెడతారు. ఊరివాళ్ళకి ఏడాదంతా ఇదే ముచ్చట. కేక వింటే ఏం చెయ్యాలో ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు, ఆమె నేర్పింది.

ఆమె బురద బట్టలతో మైదానం మధ్యకి నడిచింది. కడుక్కోలేదు. కేక పెట్టాల్సిన అమ్మాయి ఇంకా నోరు తెరవకముందే కార్మెల్ నోట్లోంచి కేక వచ్చింది. "బయటికి రండి. బయటికి రండి." ఫ్రిజ్ దగ్గర ఒక్క అరుపుతో ఆగిపోయినది, అంతకు ముందు స్నానాలగదిలో, కారులో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ప్రతిసారీ ఆగిపోయినది, అంతా కలిసి బయటికొచ్చింది. మైదానం చివర గుర్రాలు తలలెత్తాయి. వేలు పెట్టి గార్త్‌ని చూపించింది.

జనం వచ్చారు. ఎంత బాగా వచ్చారో. కేకుల అంగడి ఆడవాళ్ళు అప్పడాల కర్రలతో, సాసేజీలు కాల్చేవాళ్ళు పటకార్లతో, డెస్ పారతో, పాదిరి చీపురుతో. గార్త్ గుర్రం మీంచి కత్తి పైకెత్తి, "దొంగ అటు పారిపోయాడు" అని అరిచాడు, వేలంపాట గొంతుతో. అంతే. అందరూ ఆమెని దాటుకుని, దొంగ వేషం వేసిన పాపం టోబీ వెంట పడ్డారు. పోతూ పోతూ ఒకామె ఆగి, "రక్తం భలే కుదిరింది కార్మెల్, బీట్‌రూటేనా" అని నవ్వుతూ పరిగెత్తింది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత చెప్పుకుని మనవాళ్ళు నవ్వుకుంటారు. ఆ సామెత పుట్టించినవాడెవడో గానీ, వాడు ఎప్పుడూ బురదలో పడుండడు. కార్మెల్ మైదానం మధ్య నిలబడి చూస్తోంది. ఇన్నేళ్ళూ భయపడింది ఎవరూ రారేమోనని. ఇప్పుడు ఊరు ఊరంతా వచ్చింది, వచ్చి ఆమెని కొట్టినవాడి వెనకే పరిగెత్తుతోంది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. అవీస్‌కి రెండుసార్లు జరిమానా వేసిన ఆ పన్నెండుమంది ముందు ఆమె ఎలా నిలబడి ఉంటుందో, ఇన్నేళ్ళు పుస్తకాల్లో వెతికితే దొరకనిది, ఇప్పుడు అర్థమైంది.

టోబీని భుజాలకెత్తుకుని కేరింతలతో జనం తిరిగొచ్చారు. కార్మెల్ గడ్డిమోపు మీద కూర్చుంది. మైకు తీసుకుంది.

"టోబీని వదిలెయ్యండి. వాడేం చెయ్యలేదు" అంది. పెదవి వాచి మాట ముద్దగా వస్తోంది. "కేక పెట్టింది నేను. కేక పెట్టిన మనిషి కొట్టినవాడి పేరు చెప్పాలి. నన్ను కొట్టినవాడు నా మొగుడు గార్త్. ఇందాక ఆ గుర్రాల బండి వెనకాల కొట్టాడు. పోయిన ఆదివారం మా వంటింట్లో గొంతు పిసికాడు, ఈ చెయ్యి విరిచాడు."

జనం ముసిముసిగా నవ్వారు. ఈ ఏడు ఆటలో కొత్త మలుపేదో పెట్టిందనుకున్నారు. గార్త్ గుర్రం దిగొచ్చి, చేతులు చాచి, "చూశారా మా ఆవిడ నటన. ఇంకా చరిత్ర పాఠాలెందుకు, సినిమాల్లోకి పంపించాలి. కొట్టండి చప్పట్లు" అన్నాడు. కొందరు కొట్టారు కూడా.

చట్టంలో ఇంకొక మాట ఉంది, ఆమె ప్రతి ఏడూ క్లాసులో చెప్పేది. తాజా గాయం చూపించాలి. ఎడం చేత్తో ముసుగు పిన్ను ఒకటి లాగింది. దాన్ని గడ్డిమోపుకి గుచ్చింది. రెండోది లాగింది. తొందరపడలేదు. ఆఖరి పిన్ను తీయగానే తెల్లబట్ట జారి ఒళ్ళో పడింది.

ప్రథమ చికిత్స డేరా ముందున్న మెర్ల్ కుర్చీలోంచి లేచింది. ఊరి ఆసుపత్రిలో జన్మంతా నర్సు చేసిన మనిషి, ఊళ్ళో సగంమంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. దగ్గరికొచ్చి, కార్మెల్ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. చూసి, జనం వైపు తిరిగింది.

"ఇది రంగు కాదు" అంది, మైకు అక్కర్లేని గొంతుతో. "మెడ మీదివి వేళ్ళ అచ్చులు. పచ్చబడ్డాయి, వారం నాటివి. పెదవి ఇవాళ్టిది. చప్పట్లు కొట్టినవాళ్ళు దగ్గరికొచ్చి చూసుకోండి."

ఎవరూ రాలేదు. ఎవరూ పోనూ లేదు. గరిటెలూ పటకార్లూ చేతుల్లో అలాగే ఉన్నాయి. డెస్ తన పార కేసి చూసుకుంటూ, "నేను విన్నాను" అన్నాడు. "ఆదివారం. విని గడ్డి మిషను స్టార్ట్ చేశాను. అంతకు ముందు కూడా." పార అక్కడే పడేసి, కార్ల దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ కోసం గేటు వైపు నడిచాడు. జనంలో శాఖాధిపతి లిండ్సే ఫోన్ చూసుకుంటున్నాడు. అతని ముందు నిలబడి మాట్లాడాల్సిన రోజొకటి ముందుందని ఆమెకి తెలుసు. ఆ రోజు కేకులు మాత్రం తీసుకెళ్ళదు.

గార్త్ చుట్టూ చూశాడు. డెస్ ఎటు పోతున్నాడో కూడా చూశాడు. నవ్వు ఇంకా మొహానికి అంటుకునే ఉంది, తుడవడం మరిచిపోయిన అన్నం మెతుకులాగా. "సరే, అయిపోయింది ఆట. ఇంటికి పోదాం పద. ముందు ఇది విప్పు" అని, ప్రతి ఏడూ సంత ముగిశాక చేసినట్టే, ఆమె వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. తడిసిన తోలుతాళ్ళు బిగుసుకుపోయి, ముడులు రాళ్ళలా ఉన్నాయి.

కార్మెల్ ఆ ముడుల వైపు చూసింది. పొద్దున తన పళ్ళతో లాగి కట్టినవి.

"నేను విప్పను" అంది. మైకు ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది.

అతను చేతులు వెనక్కి పెట్టి తడుముకున్నాడు. ఇనుప తొడుగుల వేళ్ళకి ముడి అందలేదు. ఒక పక్కకి వంగాడు, ఇంకో పక్కకి వంగాడు. "ఎవరైనా రండి, ఈ తాడు విప్పండి" అన్నాడు. తర్వాత పేర్లు పెట్టి పిలిచాడు, బీరు డేరాలో తనతో నవ్వినవాళ్ళని, తన ఇంట్లో మాంసం తిన్నవాళ్ళని. వాళ్ళు బూట్ల కేసి చూసుకున్నారు. గొర్రెల యార్డు అవతల గట్టు దాకా వినబడే గొంతది. ఆ గొంతుతోనే చివరికి, "అమ్మా" అని పిలిచాడు.

నోలా జామ్ అంగడి అక్కడికి దగ్గరే. ఆవిడ సీసాల మూతలు ఒక్కొక్కటే బిగించుకుంటూ, వినబడనట్టే ఉండిపోయింది. ఆవిడకి అది ఎన్నో ఏళ్ళ అలవాటు.